నగరాల్లో పాడుబడ్డ ఇళ్లు: జవాబుదారు కోసం వెతుకులాట

నగరంలో ఒక ఇల్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. అద్దెకు మనిషి దొరకక మూడు నెలలుగా తాళం పడిన ఇల్లు, యజమాని వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తుంటే బంధువెవరో అప్పుడప్పుడు వచ్చి ఊడ్చిపోయే ఇల్లు, అన్నదమ్ముల పంపకాలు తేలక మూతపడిన ఇల్లు, కప్పు కూలి లోపల రావిమొక్క మొలిచిన ఇల్లు - జనాభా లెక్కల్లో ఇవన్నీ ఖాళీ ఇళ్ల గడిలోనే పడతాయి. నగరపాలకులకు నిద్ర పట్టనివ్వనిది వీటిలో చివరిది. దానికి ముందు మెట్టు మూడోది. అమెరికాలో కర్మాగారాలు మూతపడి జనం తరలిపోయిన నగరాలు, ముఖ్యంగా బాల్టిమోర్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, ఈ అతీగతీ లేని ఇళ్లతో అర్ధ శతాబ్దంగా కుస్తీ పడుతున్నాయి. మిగతా ప్రపంచంలో ఎక్కడా లేనన్ని పద్ధతులు అక్కడ ప్రయోగించి చూశారు. వాటిలో కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. ఆ అనుభవమంతా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పాడుబడ్డ ఇల్లు పైకి ఇటుకా కలపా సమస్యలా కనిపించినా, దాని మూలం హక్కు పత్రాల్లో ఉంటుంది. ఇంటికి జవాబు చెప్పే మనిషి మాయమైన చోటే గోడలు బీటలువారుతున్నాయి. ఆ మనిషిని వెతికి పట్టుకోగలిగిన, లేదా అతని స్థానంలో మరొకరిని త్వరగా, న్యాయంగా నిలపగలిగిన నగరాలు ఎంతో కొంత నెగ్గుకొచ్చాయి. కూల్చివేతనే నమ్ముకున్నవి కోట్లు ఖర్చుపెట్టి, గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలను మూటగట్టుకున్నాయి.

ఈ ఇళ్ల వల్ల ముందుగా ప్రాణాలు పోగొట్టుకునేది చాలాసార్లు వాటితో ఏ సంబంధమూ లేని అగ్నిమాపక సిబ్బంది. 1999 డిసెంబరు 3న మసాచుసెట్స్‌ రాష్ట్రంలోని వుస్టర్‌ నగరంలో, ఎప్పుడో మూతపడిన ఒక శీతల గిడ్డంగికి నిప్పంటుకుంది. లోపల తలదాచుకుంటున్న ఒక నిరాశ్రయ జంట దగ్గరున్న కొవ్వొత్తి పడిపోవడం దానికి కారణం. వాళ్లు బయటపడ్డారు గానీ ఎవరికీ చెప్పలేదు. లోపల మనుషులున్నారేమోనని వెతకడానికి వెళ్లినవారు, వారిని వెతకడానికి వెళ్లినవారు కలిసి ఆరుగురు ఆ పొగలో చనిపోయారు. 2022 జనవరి 24న బాల్టిమోర్‌లోని స్ట్రికర్‌ వీధిలో ఒక ఖాళీ ఇల్లు తగలబడి కూలినప్పుడు ముగ్గురు అగ్నిమాపక ఉద్యోగులు మరణించారు. అదే ఇంట్లో 2015లో కూడా నిప్పు రేగి సిబ్బంది గాయపడ్డారు. ఏడేళ్లు గడిచినా దాన్ని ఎవరూ బాగుచేయలేదు, ఎవరూ పడగొట్టలేదు. షికాగోలో 2010 డిసెంబరులో ఖాళీగా పడివున్న ఒక లాండ్రీ భవనం కప్పు కూలి ఇద్దరు సిబ్బంది చనిపోయాక, అక్కడ ప్రమాదకర భవనాల ముందు ఎర్రటి ఇంటూ గుర్తు పలకలు బిగించడం మొదలుపెట్టారు. ప్రాణం నిలిపే ఏర్పాటే ఇది, కాదనలేం. అయితే ఆ పలక చెప్పేది లోపలికి జాగ్రత్తగా వెళ్లమని మాత్రమే. ఇల్లు ఎవరిదో, వాళ్లు ఎప్పుడు బాగుచేస్తారో దాని మీద రాసి ఉండదు.

నిప్పు తర్వాత చెప్పుకోవలసింది తుపాకీ. పాడుబడ్డ ఇల్లు ఉన్న వీధిలో నేరాలు ఎక్కువగా జరుగుతాయని అందరూ అనుకునేదే. కానీ ఇల్లు పాడుబడటం వల్ల నేరం పెరిగిందా, బీదరికం వల్ల రెండూ కలిసి వచ్చాయా అన్నది చాలాకాలం తేలలేదు. ఈ చిక్కుముడి విప్పడానికి ఫిలడెల్ఫియా మంచి అవకాశం ఇచ్చింది. 2011లో ఆ నగరం ఒక నిబంధనను అమలులోకి తెచ్చింది. ఎక్కువ ఇళ్లలో జనం కాపురముంటున్న వీధిలో ఎవరి ఇల్లయినా ఖాళీగా ఉంటే, తలుపులకూ కిటికీలకూ ప్లైవుడ్‌ చెక్కలు కొట్టి వదిలేయకూడదు. తెరుచుకునే అసలైన తలుపులు, కిటికీలు పెట్టాలి. లేకపోతే ఒక్కో తలుపుకూ ఒక్కో కిటికీకీ రోజుకు 300 డాలర్ల చొప్పున జరిమానా. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ మాట విన్న యజమానుల ఇళ్ల చుట్టుపక్కలనూ, విననివారి ఇళ్ల చుట్టుపక్కలనూ పోల్చారు. 2016లో అచ్చయిన వారి లెక్కల ప్రకారం బాగుచేసిన ఇళ్ల చుట్టూ తుపాకీ హింస 39 శాతం తగ్గింది. మాట విన్న యజమాని వీధి ముందునుంచే మెరుగైన వీధి కావచ్చు కదా అన్న సందేహం సహజం. దానికి జవాబుగా తర్వాత 258 పాడుబడ్డ ఇళ్లను లాటరీ పద్ధతిలో మూడు గుంపులుగా విడదీశారు: ఒక గుంపుకు కొత్త తలుపులు, కిటికీలు పెట్టి పెరడు శుభ్రం చేశారు, రెండో గుంపుకు చెత్త మాత్రం తీశారు, మూడోదాన్ని ముట్టుకోలేదు. పూర్తిగా బాగుచేసిన గుంపు చుట్టూ తుపాకీ దాడులు ఈసారీ తగ్గాయి, అయితే మొదటి లెక్క చెప్పినంత ఎక్కువగా కాదు. కచ్చితమైన పరీక్షలో అంకె చిన్నదవడం ఆశ్చర్యమేమీ కాదు. చిన్నదైనా నిలబడటమే ముఖ్యం.

ఇక ఇళ్లు ఎందుకు ఇలా అయ్యాయన్నది. డెట్రాయిట్‌ జనాభా 1950లో దాదాపు 18.5 లక్షలు, 2020 నాటికి 6.39 లక్షలు. బాల్టిమోర్‌ అదే కాలంలో 9.5 లక్షల నుంచి 5.86 లక్షలకు పడింది. కర్మాగారాలు పోయాయి. తెల్లజాతి మధ్యతరగతి శివార్లకు తరలింది. నల్లజాతి పేటలకు బ్యాంకులు దశాబ్దాలపాటు అప్పులివ్వలేదు. 2008 గృహరుణ సంక్షోభం మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. ఇదంతా తెలిసిన చరిత్రే. అంతగా మాట్లాడుకోనిది దీని తర్వాతి అంకం. జనం తగ్గితే ఇళ్ల ధరలు పడతాయి. ఒక ఇంటిని బాగుచేయడానికి లక్షన్నర డాలర్లవుతుంది, బాగుచేశాక అది లక్షకు మించి పలకదు అనుకుందాం. తెలివైన యజమాని ఎవరూ చేయి వేయడు. పన్ను కట్టడం కూడా మానేస్తాడు. బకాయి మీద వడ్డీ, వడ్డీ మీద జరిమానా, గడ్డి కోయించినందుకు నగరం వేసిన ఖర్చు - అన్నీ ఇంటి మీదే చేరి, కొన్నేళ్లకు అప్పు ఇంటి విలువను దాటిపోతుంది. అప్పటినుంచి ఆ ఇల్లు కొనేవాడు ఉండడు, ఉచితంగా ఇచ్చినా పుచ్చుకునేవాడు ఉండడు. ఈలోగా యజమాని చనిపోతాడు, వారసులు నాలుగు రాష్ట్రాల్లో ఉంటారు, లేదా ఇల్లు ఏదో డొల్ల కంపెనీ పేరు మీద ఉండి ఆ కంపెనీ చిరునామా ఒక తపాలా పెట్టె అవుతుంది. 2008 తర్వాత ఇంకో రకం కూడా పుట్టుకొచ్చింది: బ్యాంకు జప్తు మొదలుపెట్టగానే కాపురమున్నవారు ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఇల్లు చేతికొస్తే పన్నూ మరమ్మతూ నెత్తిన పడతాయని బ్యాంకు జప్తును సగంలో ఆపేసింది. పాతవారికి ఇల్లు పోయిందని నమ్మకం, బ్యాంకుకు ఇంకా తనది కాలేదన్న ధీమా. న్యూయార్క్‌ రాష్ట్రం 2016లో చట్టం చేసి, ఇలాంటి ఇళ్లను బ్యాంకులే కాపాడాలనీ, లేకపోతే రోజుకు 500 డాలర్ల దాకా కట్టాలనీ శాసించవలసి వచ్చింది.

నగరాల చేతిలో అన్నిటికన్నా పాత సాధనం నోటీసు. తనిఖీ అధికారి వచ్చి, ఇల్లు నివాసానికి పనికిరాదని కాగితం అంటించి, ఇన్ని రోజుల్లో బాగుచేయాలంటాడు, చేయకపోతే జరిమానా, అదీ కట్టకపోతే నగరమే మూత వేయించి ఆ ఖర్చు ఇంటి మీద రాస్తుంది. యజమాని ఊళ్లో ఉండి, కోర్టుకో పరువుకో జంకేవాడైతే ఇది చక్కగా పనిచేస్తుంది. లేనివాడికి వేసిన జరిమానా మాత్రం ఇంటి మీద బరువు పెంచి, తర్వాత కొనబోయేవాడిని కూడా భయపెడుతుంది. అంటే దిద్దడానికి తెచ్చిన మందే జబ్బును ముదరబెడుతుంది. ఈ లోపాన్ని గ్రహించి కొన్ని నగరాలు జరిమానా బదులు రుసుము పెట్టాయి. డెలవేర్‌ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌ 2003లో ఖాళీ ఇళ్లన్నిటినీ నమోదు చేయించి, ఏడాది దాటితే 500 డాలర్లు, పదేళ్లు దాటితే 5,000 డాలర్లు, ఆపై ఏటేటా ఇంకాస్త చొప్పున వసూలు చేసే పద్ధతి తెచ్చింది. తప్పు నిరూపించనక్కర లేదు. కాలం గడవడమే లెక్క. ఇంటిని పట్టుకు కూర్చోవడం ఖరీదైన పని అయ్యేసరికి కొందరు అమ్మేశారు, కొందరు బాగుచేశారు. క్లీవ్‌లండ్‌ గృహ న్యాయస్థానంలో న్యాయమూర్తి రేమండ్‌ పియాంకా 2017లో మరణించే దాకా వేరే దారి పట్టారు. సమన్లకు పలకని కంపెనీలను వాటి పరోక్షంలోనే విచారించి శిక్షించారు. పేరున్న బ్యాంకులకు ఆ నగరంలో ఇంకా ఇళ్లు కొనే, అమ్మే పని ఉంటుంది కాబట్టి, చివరికి న్యాయవాదిని పంపక తప్పలేదు. ఈ రెండు ఉదాహరణల్లోనూ పనిచేసింది జరిమానా పరిమాణం కాదు, దాన్ని ఎవరి మెడకు చుట్టాలో నగరానికి తెలియడం.

జవాబుదారు దొరకనప్పుడు చాలామందికి తోచే మొదటి పరిష్కారం బుల్‌డోజర్‌. డెట్రాయిట్‌ దీన్ని అమెరికాలో మరే నగరమూ చేయనంత పెద్ద ఎత్తున చేసింది. 2013లో నగరం దివాలా తీసింది. ఆ మరుసటి ఏడు ప్రత్యేక కార్యదళం ఒకటి నగరంలోని దాదాపు 3.8 లక్షల స్థలాలను వీధి వీధీ తిరిగి సర్వే చేయించి, 84 వేలకు పైగా కట్టడాలూ ఖాళీ స్థలాలూ పాడుబడ్డాయనో, ఆ దారిలో ఉన్నాయనో తేల్చింది. నివాస పేటలను శుభ్రం చేయడానికే 85 కోట్ల డాలర్లు కావాలని అంచనా వేసింది. జప్తుల బాధితులను ఆదుకోవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిధిలోంచి కూల్చివేతలకు డబ్బు మళ్లింది. ఆ సొమ్ముతో 15 వేల దాకా ఇళ్లు పడగొట్టారు. ఇళ్లు నిలబెట్టుకోవడానికి ఉద్దేశించిన నిధి ఇళ్లు పడగొట్టడానికి ఖర్చయిందన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం. 2020 నవంబరులో ఓటర్లు మరో 25 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. కాలిపోయిన, పునాది కదిలిన ఇల్లు పక్కనే ఉన్న కుటుంబానికి కూల్చివేత మేలే చేస్తుంది. అందులో సందేహం లేదు. కానీ కూల్చాక మిగిలే స్థలానికీ యజమాని కావాలి, గడ్డి కోసేవాడు కావాలి, పన్ను కట్టేవాడు కావాలి. పైగా బాల్టిమోర్‌ వంటి చోట ఇళ్లు ఒకదానికొకటి ఆనుకున్న వరుస ఇళ్లు. మధ్యలో ఒకదాన్ని తీసేస్తే అటూ ఇటూ ఉన్న ఉమ్మడి గోడలు వానకూ మంచుకూ తెరుచుకుంటాయి. వాటికి పూత, ఆసరా కట్టాలి. వరుస మొత్తం తీస్తే తప్ప కూల్చివేత అక్కడ చౌక కాదు. ఇండియానాలోని సౌత్‌ బెండ్‌లో మేయర్‌ పీట్‌ బుటిజెజ్‌ 2013లో వెయ్యి రోజుల్లో వెయ్యి ఇళ్ల సంగతి తేలుస్తామని ప్రకటించి గడువుకు ముందే పూర్తిచేశారు. బీద నల్లజాతి, లాటినో కుటుంబాల చేతిలో ఉన్న, కొంచెం సాయం చేస్తే నిలబడగలిగిన ఇళ్లు కూడా ఆ పరుగులో పోయాయన్న ఫిర్యాదు ఆయన దేశాధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు మళ్లీ పైకి వచ్చింది. లక్ష్యం ఇళ్ల సంఖ్య రూపంలో పెట్టుకుంటే తనిఖీ అధికారి తేలికైన ఇళ్లనే ముందు ఎంచుకుంటాడు, ఏ దేశంలోనైనా.

హక్కును చేతులు మార్పించే పద్ధతుల్లో అన్నిటికన్నా పెద్ద మలుపు మిషిగన్‌ రాష్ట్రంలో వచ్చింది. అక్కడ పాత చట్టం ప్రకారం పన్ను ఎగ్గొట్టిన ఇంటి మీది బకాయిని స్పెక్యులేటర్లకు అమ్మేవారు. వాళ్లు వడ్డీ లెక్కపెట్టుకుంటూ ఏళ్లు గడిపేవారు. ఇల్లు ఎవరిదో తేలడానికి ఆరేడేళ్లు పట్టేది. ఏ ఇల్లూ కిటికీలు పగిలాక ఆరేడేళ్లు బతకదు. 1999 చట్టం ఈ గడువును రెండు మూడేళ్లకు కుదించి, కోర్టు ఒకే తీర్పుతో మచ్చలేని హక్కును కౌంటీకి అప్పగించేలా చేసింది. ఆ ఇళ్లను తీసుకుని, కొన్నిటిని అమ్మి, కొన్నిటిని కూల్చి, పక్కింటివారికి పెరడుగా కలిపి ఇచ్చే ప్రభుత్వ సంస్థే ల్యాండ్‌ బ్యాంక్‌. సెయింట్‌ లూయీలో 1971 నుంచే ఇలాంటిది ఉన్నా, ఫ్లింట్‌ నగరం ఉన్న జెనెసీ కౌంటీలో ట్రెజరర్‌ డాన్‌ కిల్డీ నడిపించిన సంస్థ ఆధునిక నమూనా అయింది. విలువైన ఇళ్ల మీద వచ్చిన లాభంతో విలువ లేనివాటి ఖర్చు భరించడం అందులోని కిటుకు. బాల్టిమోర్‌ ఇప్పటికీ బకాయిలను వేలం వేసే పాత దారిలోనే ఉండిపోయింది. దాని ఫలితం చాలామంది అనుకునేదానికి విరుద్ధం. అక్కడి ఖాళీ ఇళ్లన్నీ నగరానివే అని జనం తిడతారు గానీ, వేల సంఖ్యలో ఉన్న ఆ ఇళ్లలో నగరం పేరు మీద ఉన్నవి పదింట ఒకటి కూడా లేవు. మిగతావన్నీ ప్రైవేటు ఆస్తులే, కాగితాల మీద. బకాయి ఇంటి విలువను దాటిపోయిన ఖాళీ ఇంటిని వేలంతో పనిలేకుండా నేరుగా కోర్టు ద్వారా తీసుకునే అధికారం బాల్టిమోర్‌ ఉన్న మేరీలాండ్‌ రాష్ట్ర శాసనసభ 2019లో ఇచ్చింది. స్ట్రికర్‌ వీధి ప్రమాదం తర్వాతే ఆ దారిని నగరం పెద్ద ఎత్తున వాడడం మొదలుపెట్టింది.

బాల్టిమోర్‌ మరో విషయంలో మాత్రం దేశానికి దారి చూపింది. 1990ల తొలినాళ్లనుంచి అక్కడి భవన నియమావళిలో రిసీవర్‌ పద్ధతి ఉంది. ఖాళీ ఇల్లు అని నోటీసిచ్చినా యజమాని కదలకపోతే, నగరం కోర్టుకు వెళ్లి ఆ ఇంటికి రిసీవర్‌ను వేయమంటుంది. ఆ పని చూసేది లాభాపేక్ష లేని సంస్థ. రిసీవర్‌ ఇంటిని వేలం వేస్తాడు. పాడుకునేవాడు బాగుచేసే స్తోమత తనకుందని ముందే రుజువులు చూపాలి. గడువులోగా నివాసయోగ్య ధ్రువపత్రం తేవాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఏ దశలోనైనా పాత యజమాని ముందుకొచ్చి, నేనే బాగుచేస్తాను అని హామీ ఇస్తే కేసు ఆగిపోతుంది. శిక్షించడం కన్నా తేల్చుకోమనడం ఇందులో ముఖ్యం కనుక, కేసు వేస్తామన్న హెచ్చరికతోనే కదిలిన యజమానులు తక్కువేమీ కాదు. మేయర్‌ స్టెఫానీ రాలింగ్స్‌-బ్లేక్‌ 2010లో మొదలుపెట్టిన కార్యక్రమం ఈ పద్ధతిని కాస్త గిరాకీ మిగిలివున్న వీధుల మీద గురిపెట్టింది. సాధించినట్టు చూపిన లెక్కలు పెంచి చెప్పినవని స్థానిక దాతృత్వ సంస్థ ఏబెల్‌ ఫౌండేషన్‌ 2015లో వేలెత్తి చూపింది. అది సబబైన విమర్శే. ఆ నగరంలో మొత్తం ఖాళీ ఇళ్ల సంఖ్య పదేళ్లు గడిచినా 16 వేల చుట్టూనే తిరిగింది. 2020ల మధ్యకు వచ్చేసరికి గానీ 13 వేల దగ్గరకు దిగలేదు. ఒకవైపు బాగుపడుతుంటే మరోవైపు కొత్తగా ఖాళీ అవుతూనే ఉన్నాయి.

వీటన్నిటికీ ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఆస్తి హక్కు గురించి. నా ఇల్లు, నా ఇష్టం. తాళం వేసుకుంటాను, నగరానికేం పట్టింది? అన్నది మొరటుగా వినిపించినా దాని వెనక నిజమైన భయం ఉంది. మిషిగన్‌ చట్టం వేగంలో ఆ భయం నిజమైంది కూడా. ఓక్లండ్‌ కౌంటీలో ఒక యజమాని పొరపాటున 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ పన్ను కట్టాడు. వడ్డీ, రుసుములతో అది 285 డాలర్లయింది. కౌంటీ ఆ ఇంటిని 24,500 డాలర్లకు అమ్మి, మొత్తం తానే ఉంచుకుంది. 2020లో మిషిగన్‌ సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమంది. 2023లో టైలర్‌ వర్సెస్‌ హెన్నెపిన్‌ కౌంటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అదే మాట దేశమంతటికీ చెప్పింది: 15 వేల డాలర్ల బకాయి కోసం 40 వేలకు ఇల్లు అమ్మితే, మిగిలిన 25 వేలు యజమానివే. ఇక్కడ రెండు విషయాలను కలిపేయకూడదు. ఇల్లు పక్కింటి గోడను కూల్చే స్థితికి వచ్చినప్పుడు దాన్ని యజమాని చేతిలోంచి తీయడం వేరు, అందులో అతనికి రావలసిన సొమ్మును మింగేయడం వేరు. మొదటిదానికి కోర్టులు అడ్డు చెప్పలేదు. రెండోదాన్ని ఆపాయి. ఈ తీర్పులు ల్యాండ్‌ బ్యాంకుల ఆదాయ మార్గాన్నే దెబ్బతీశాయన్నది నిజం. విలువైన ఇళ్ల లాభంతో విలువలేనివాటిని నెట్టుకురావడమే కదా జెనెసీ నమూనా. అయినా ఆ లాభంలో ఒక పాలు బీద యజమానుల నోటి దగ్గరిదే అయినప్పుడు, దాన్ని సాధారణ పన్నుల్లోంచి పెట్టుకోమనడమే న్యాయం. డెట్రాయిట్‌ సంగతి ఇంకా ఘోరం. 2010 నుంచి 2016 దాకా అక్కడి ఇళ్లకు విలువ ఎక్కువ కట్టి, యజమానుల మీద కనీసం 60 కోట్ల డాలర్ల అదనపు పన్ను మోపారని డెట్రాయిట్‌ న్యూస్‌ 2020లో బయటపెట్టింది. కట్టలేక పోగొట్టుకున్న ఇళ్లలో కొన్ని తర్వాత ఖాళీ ఇళ్ల జాబితాలోనే తేలాయి. నగరమే ఒక చేత్తో ఖాళీ ఇళ్లను పుట్టిస్తూ, మరో చేత్తో కూల్చింది.

రెండో అభ్యంతరం బీదల తరఫున వస్తుంది: ఈ చట్టాలు చివరికి వృద్ధుల ఇళ్లను బిల్డర్ల పరం చేస్తాయని. పెన్సిల్వేనియా 2008లో చేసిన 135వ నంబరు చట్టం ఇందుకు సాక్ష్యం. పాడుబడ్డ ఇంటికి సంరక్షకుణ్ని వేయమని కోర్టును ఎవరు కోరవచ్చో అందులో విశాలంగా రాశారు. ఫిలడెల్ఫియాలో ధరలు పెరుగుతున్న పేటల్లో, అంతగా పాడుకాని ఇళ్ల మీద కూడా లాభం కోసం కేసులు పడ్డాయని న్యాయ సహాయ సంస్థలు గొంతెత్తాయి. బాల్టిమోర్‌లో కేసు వేసే అధికారం నగరం చేతిలో ఉంది, ఫిలడెల్ఫియాలో ఇంకా చాలామంది చేతుల్లో ఉంది. తేడా అక్కడే వచ్చింది. అయితే ఈ అభ్యంతరాన్ని లోతుగా చూస్తే అది హక్కు పత్రాల వాదనకు బలమే ఇస్తుంది. ప్యూ అనే పరిశోధన సంస్థ 2021లో ఫిలడెల్ఫియా రికార్డులు పరిశీలించి, 10 వేలకు పైగా ఇళ్లు చనిపోయినవారి పేరు మీదో, చిక్కుపడిన దస్తావేజుల మీదో ఉన్నాయనీ, వాటి విలువ 110 కోట్ల డాలర్లకు మించుతుందనీ తేల్చింది. అమ్మమ్మ పేరు మీద ఉన్న ఇంట్లో మనవరాలు ముప్పై ఏళ్లుగా ఉంటున్నా, కాగితం లేదు కాబట్టి మరమ్మతుకు ప్రభుత్వ సాయం రాదు, బ్యాంకు అప్పు రాదు, పన్ను రాయితీ దక్కదు. కప్పు కారడం మొదలై, ఆమె వెళ్లిపోయిన నాడు ఆ ఇల్లు ఖాళీ ఇళ్ల లెక్కలో చేరుతుంది. వారసత్వ ధ్రువీకరణకు అయ్యే కొన్ని వేల డాలర్లను నగరం ముందే పెట్టుకుంటే, తర్వాత కూల్చివేతకు పెట్టే ఖర్చు మిగులుతుంది. ఖాళీ ఇళ్ల బడ్జెట్లలో ఈ పద్దు ఇప్పటికీ చిన్నదే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. హక్కు ఎంత చక్కగా తేల్చినా, కొనేవాడే లేని వీధిలో ఏం లాభం? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు లేదు. సెయింట్‌ లూయీ ల్యాండ్‌ బ్యాంక్‌ చేతిలో వేల ఆస్తులు దశాబ్దాలుగా అమ్ముడుపోకుండా ఉన్నాయి. డెట్రాయిట్‌ సంస్థ ఒక దశలో దాదాపు లక్ష స్థలాలకు యజమాని అయింది. జవాబుదారు లేని యజమాని స్థానంలో చేతకాని యజమానిగా ప్రభుత్వం వచ్చి కూర్చున్నట్టయింది. అందుకే బాల్టిమోర్‌ 2023 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికలో 15 ఏళ్లలో 300 కోట్ల డాలర్ల ఖర్చు చూపారు. అందులో చాలా భాగం మరమ్మతు ఖర్చుకూ అమ్మకం ధరకూ మధ్య లోటును పూడ్చడానికే. హక్కు తేలడం చాలదు, డబ్బు కూడా కావాలి. అయితే క్రమం ముఖ్యం. హక్కు తేలని ఇంటి మీద సబ్సిడీ పెట్టడానికి చట్టమే ఒప్పదు; తేలిన ఇంటి మీద ఒక్కో డాలరూ ఎక్కువ పనిచేస్తుంది, ఒక వీధిలోని పాడుబడ్డ ఇళ్లన్నీ ఒకేసారి చేతికొస్తే ఇంకా ఎక్కువ.

అమెరికా బయట ఈ వాదనకు పరీక్ష జపాన్‌లో దొరుకుతుంది. అక్కడ నేరాలూ జాతుల చీలికా ఈ కథలో లేవు. జనాభా తరుగుదల ఉంది. 2023 సర్వేలో 90 లక్షల ఖాళీ ఇళ్లు తేలాయి, అంటే మొత్తం ఇళ్లలో 13.8 శాతం. వాటిలో 38.5 లక్షలు అమ్మకానికీ అద్దెకూ పెట్టనివి, సెలవులకు వాడనివి. అక్కడి పన్ను చట్టంలో ఒక విచిత్రం ఉంది. ఇల్లు ఉన్న చిన్న స్థలానికి ఆస్తిపన్ను లెక్కలో విలువను ఆరోవంతుకు తగ్గిస్తారు. ఇల్లు పడగొడితే ఆ తగ్గింపు పోతుంది. దాంతో కూలబోయే ఇంటిని కూడా వారసులు కదపకుండా ఉంచుతారు. 2015లో అమల్లోకి వచ్చిన ప్రత్యేక చట్టం, ప్రమాదకరమని గుర్తించి సిఫారసు జారీచేసిన ఇంటికి ఆ తగ్గింపు రద్దుచేసే వీలిచ్చింది. యజమాని ఎవరో తెలియని ఇళ్లను పురపాలక సంఘమే పడగొట్టవచ్చు. యోకోసుకా నగరం ఆ ఏడాదే ఆ అధికారాన్ని వాడింది. 2023 సవరణ ఇంకా ముందు దశలోనే, నిర్వహణ సరిగా లేదని తేలినప్పుడే, తగ్గింపు తీసేయనిస్తుంది. 2024 ఏప్రిల్‌ నుంచి వారసత్వ ఆస్తిని మూడేళ్లలోగా తమ పేరున నమోదు చేయించుకోవడం తప్పనిసరి. చేయకపోతే లక్ష యెన్ల దాకా జరిమానా. సంస్కరణ పన్నుతో మొదలై రిజిస్ట్రేషన్‌ కార్యాలయంలో తేలింది.

భారతదేశంలో 2011 జనాభా లెక్కలు దాదాపు 2.46 కోట్ల ఖాళీ ఇళ్లను చూపాయి, అందులో 1.1 కోట్లు పట్టణాల్లో. వాటిలో ఎన్ని పాడుబడ్డాయో ఆ లెక్క చెప్పదు. మన నగరాల్లో ప్రమాదకర భవనం చాలాసార్లు ఖాళీది కాదు, జనం ఉంటున్నది. ముంబయిలో 1947 అద్దె చట్టం అద్దెలను స్తంభింపజేశాక, మరమ్మతు చేయించే ఆసక్తి యజమానికి పోయింది, ఖాళీ చేసే ధైర్యం అద్దెదారుకు లేదు. అక్కడా చిక్కు హక్కుల దగ్గరే. హైదరాబాద్‌లో ఏటా వానాకాలానికి ముందు శిథిల భవనాలను గుర్తించి నోటీసులిస్తారు, కొన్నిటిని కూలుస్తారు. 2013 జూలైలో సికింద్రాబాద్‌లో హోటల్‌ నడుస్తున్న పాత భవనం కూలి జనం చనిపోయాక ఆ నోటీసుల వేగం పెరిగింది. కానీ భాగాల దావా నడుస్తున్న ఇంటికి నోటీసు ఎవరికివ్వాలి? 1908 రిజిస్ట్రేషన్‌ చట్టం కింద మన రిజిస్ట్రేషన్‌ దస్తావేజును నమోదు చేస్తుంది, హక్కుకు హామీ ఇవ్వదు. వారసత్వంగా వచ్చిన ఇంటిని తమ పేరున రిజిస్టర్‌ చేయించుకోవడానికి అందులో గడువూ లేదు. పన్ను సంగతి సరేసరి. హైదరాబాద్‌లో ఖాళీగా ఉన్న ఇంటికి ఆస్తిపన్నులో సగం దాకా మినహాయింపు కోరవచ్చు. అద్దెకు మనిషి దొరకని ఇంటికి, ఒకటి రెండు అర్ధసంవత్సరాలకు, ఇది సమంజసమే. ఇంగ్లండ్‌లో కూడా 2013 దాకా ఖాళీ ఇంటికి పన్ను మినహాయింపు ఉండేది; ఆ ఏడాది రెండేళ్లు దాటిన ఖాళీ ఇళ్ల మీద అదనపు పన్ను వేసే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చారు, 2024 ఏప్రిల్‌ నుంచి ఏడాది దాటితే చాలు, పన్నును రెట్టింపు చేయవచ్చు. మినహాయింపును తీసేయనక్కరలేకుండా దానికి ఒక కాలపరిమితి పెట్టడం, ఆ పరిమితి దాటిన ఇంటికి దరఖాస్తు చేసేవారు ఎవరో, ఏ హక్కుతోనో పత్రాలు చూపమనడం మన పురపాలక చట్టాల్లో చిన్న సవరణతో అయ్యే పని. పాడుబడబోయే ఇళ్ల జాబితా, వాటి వారసుల పేర్లతో సహా, నగరానికి దానంతటదే చేరడం మొదలవుతుంది.